కాళ్లు ఆడించే టిల్ట్ టేబుల్: నాకు పనికొచ్చింది ఎక్కడ, ఎంతవరకు

పక్షవాతం తర్వాత నన్ను ఎక్కువగా ఏడిపించింది కదలని ఎడమ కాలు కాదు, లేపి కూర్చోబెడితే చాలు పడిపోయే బీపీ. మామూలు టిల్ట్ టేబుల్, అంటే పడుకోబెట్టి పట్టీలతో కట్టి మెల్లగా నిలువుకు లేపే బల్ల మీద, సగం లేవకముందే కళ్లు బైర్లు కమ్మేవి, వెంటనే దించేసేవారు. లేపుతూనే కాళ్లను కూడా ఆడించే రోబో టేబుల్ మీదకు మార్చాక కొద్ది రోజుల్లోనే దాదాపు నిటారుగా నిలబడి, ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తూ మాట్లాడగలిగాను. ఆ ఒక్క మేలుకే ఈ యంత్రానికి రుణపడి ఉన్నాను.

టేబుల్ లేస్తున్నంతసేపూ మోటార్లు రెండు కాళ్లనూ మార్చి మార్చి ముడిచి చాపుతాయి. కిందికి దిగిన రక్తం గుండె వైపు తిరిగి వెళ్లడానికి ఆ కదలిక తోడ్పడుతుంది. దాని విలువ నాకు తెలిసింది అది ఆగిన రోజున. ఎడమ కాలు ఒక్కసారిగా బిగుసుకుంది. అడ్డు తగిలితే ఆగిపోవడం యంత్రం భద్రతా ఏర్పాటే, అందుకు తప్పుపట్టను. కానీ కాళ్లు ఆగాయి, టేబుల్ నిలువుగానే ఉండిపోయింది. థెరపిస్టు తెర మీద మళ్లీ మళ్లీ నొక్కుతున్నా కదలిక రాలేదు. నా చెవుల్లో హోరు మొదలైంది, గోడ గడియారంలో అంకెలు అలుక్కుపోయాయి. పై బీపీ 20కి పైగా పడిపోయిందని చూడగానే ఆమె తెర వదిలేసి టేబుల్‌ను దించింది. నిలబడిన 3 నిమిషాల్లో అంత తగ్గుదల ఉంటే డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. కాళ్లు ఆగితే టేబుల్‌ను ఎంత త్వరగా దించగలరో మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

ఇంట్లోవాళ్లు చూసి, నడుస్తున్నానని సంబరపడ్డారు. అది నడక కాదు. నేను కాలు పూర్తిగా వదిలేసినా అడుగులు అదే లయలో పడేవి. థెరపిస్టు యంత్రం సాయం తగ్గించి, "మోకాలు చాపేటప్పుడు మీరూ తొయ్యాలండీ" అని ప్రతి అడుగుకూ గుర్తుచేశాకే తొడ కండరం పలికింది. అయినా రెండు పక్కలా పట్టుకునే కమ్మీల మధ్య నేల మీద నిలబడితే మోకాలు మడతపడింది. బరువు ఒక కాలి నుంచి మరో కాలికి మార్చడం, తూలకుండా నిలవడం నేర్పింది ఆమె చేతులే.

నిలబడితే బీపీ పడిపోయే నాలాంటివారికైతే ఇది అడిగి మరీ చేయించుకోదగ్గ చికిత్స. ఆ ఇబ్బంది లేనివారికి ఇంత అవసరమని చెప్పలేను. తొందర కూడా వద్దు: 2015లో వెలువడిన అవెర్ట్ పరిశోధనలో, పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువసార్లు లేపి కదిలించినవారు మామూలు చికిత్స పొందినవారికంటే కాస్త తక్కువగానే కోలుకున్నారు. అందులో వాడింది ఈ యంత్రం కాదు, కానీ నా డాక్టరు బీపీ, గుండె కుదుటపడేదాకా ఆగింది అందుకే.