అత్తమామలు, పిల్లలతో ఆర్వీ ప్రయాణం: జయాన్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాకా ఎక్కడ ఆగాలి, ఏం వండాలి

అమెరికాలో ఆర్వీ, అంటే మంచాలు, పొయ్యి, బాత్రూమ్ అన్నీ లోపలే ఉండే బండి, అద్దెకు తీసుకుని వెళ్దామనుకునే మనవాళ్ళు ముందు అడిగేది ఏ పార్కులు చూడాలని. పార్కులన్నీ బాగానే ఉంటాయి. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండు: రాత్రి బండి ఎక్కడ ఆపుతారు, పొద్దున పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు. ఈ రెండూ తేలకుండా బయల్దేరితే ఇంట్లో చేసే చాకిరీనే ఇరుకు వంటింట్లో, కదిలే బండిలో చేసుకోవాల్సి వస్తుంది, అదీ ఎక్కువగా ఆడవాళ్ళ నెత్తిన పడుతుంది. మేము గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్యలతో, ఇద్దరు పిల్లలతో లాస్ వేగాస్‌లో బండి తీసుకుని యూటాలోని జయాన్, బ్రైస్ పార్కులు, అరిజోనాలోని పేజ్ ఊరు, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (లోయ దక్షిణపు అంచు) చుట్టి మళ్ళీ వేగాస్ చేరాం. ఈ దారి మొత్తం సుమారు 850 మైళ్ళు.

ముందు బండి సంగతి. డ్రైవర్ నెత్తి మీద మంచం ఉండే క్లాస్ సి బండికి మామూలు లైసెన్సు చాలు. ఆరుగురు పడుకోవచ్చని ప్రకటనలో రాస్తారు కానీ ఆ లెక్కలో భోజనాల బల్లను మడిచి వేసే మంచం కూడా ఉంటుంది, అది పరిచాక ఇంక ఎవరికీ కూర్చునే చోటుండదు, రాత్రి ఎవరైనా లేచి బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా పడుకున్నవాళ్ళను తప్పించుకుంటూ వెళ్ళాలి. వెనక గది పెద్దవాళ్ళకి ఇచ్చేయండి, నిచ్చెన ఎక్కే మంచం పిల్లలకి పండగ. బండి నడుస్తున్నంతసేపు అందరూ బెల్టున్న సీట్లలోనే కూర్చోవాలి, కాబట్టి మంచాలు ఎన్నని కాకుండా బెల్టులు ఎన్నని అడగండి, పిల్లల కార్ సీటు ఏ సీటుకి గట్టిగా బిగుస్తుందో కూడా బుక్ చేసేటప్పుడే అడగండి. అద్దె మీద మైళ్ళకి వేరే, జనరేటర్ గంటలకి వేరే, దుప్పట్లకీ గిన్నెలకీ వేరే వేస్తారు. గాలన్‌కి 8 నుంచి 10 మైళ్ళే వస్తుంది, అంటే ఈ చుట్టుకి 85 నుంచి 105 గాలన్ల పెట్రోలు. చాలా క్రెడిట్ కార్డుల ఇన్సూరెన్సు ఆర్వీలకి వర్తించదు, మీ కార్డు వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కోండి.

బండి చేతికిచ్చేటప్పుడు తొందరపెడతారు, తొందరపడకండి. మాకు ఇచ్చిన బండిలో నీళ్ళ గొట్టం కారుతోంది, వాళ్ళ యార్డులోనే కుళాయికి తగిలించి చూశాం కాబట్టి మార్చి ఇచ్చారు, లేకపోతే రాత్రిపూట జయాన్‌లో దాని కోసం వెతుక్కునేవాళ్ళం. ఏసీ, ఫ్రిజ్, పొయ్యి, నీళ్ళ పంపు, జనరేటర్ అన్నీ అక్కడే ఒకసారి వేసి చూడండి. ఈ ఫ్రిజ్‌లు చాలావరకు నెమ్మదిగా చల్లబడేవే, పాలూ పెరుగూ అప్పటికే చల్లగా ఉన్నవి కొని సర్దండి. బండి ఎత్తు కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అతికించుకోండి, పెట్రోలు బంకు కప్పు కిందకి వెళ్ళేముందు అది చూసే మా ఆయన ముందుకు పోనిచ్చేవారు.

జయాన్‌లో రాత్రి బండి ఆపుకోవడానికి పార్కు లోపలి వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ దొరికితే మరో ఆలోచన పెట్టుకోకండి. రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో బుకింగ్ ఆరు నెలల ముందు తెరుచుకుంటుంది, మంచి తారీఖులు నిమిషాల్లో అయిపోతాయి, కాబట్టి పొద్దున్నే లాగిన్ అయి కూర్చోవాలి. బండి నిలిపే చోటుని సైటు అంటారు, కరెంటు ఉన్న సైట్లే తీసుకోండి, ఎందుకంటే అక్కడ జనరేటర్ వేయనివ్వరు, వేసవి మధ్యాహ్నం వంద ఫారెన్‌హీట్ దాటే చోట ఏసీ లేకుండా పెద్దవాళ్ళని కూర్చోబెట్టలేం. సైటు దగ్గర నీళ్ళ కుళాయి గానీ మురుగు గొట్టం గానీ ఉండవు, స్నానాల గదులు కూడా లేవు, పక్కనే ఉన్న స్ప్రింగ్‌డేల్ ఊళ్ళో డబ్బులిచ్చి స్నానం చేయవచ్చు. ఇన్ని లేకపోయినా నేను దాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే విజిటర్ సెంటర్‌కి నడిచి వెళ్ళవచ్చు, అక్కడి నుంచి ఉచిత షటిల్ బస్సు లోయంతా తిప్పుతుంది, బండిని కదపాల్సిన పనే ఉండదు. దగ్గర్లోనే మొదలయ్యే పారస్ దారి చదునుగా, సిమెంటు వేసి నది పక్కనే సాగుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్న అత్తయ్య సాయంత్రం ఆ దారిలో ఎంతసేపు నడిచారో, ఎన్నిసార్లు ఆగి కొండల్ని చూశారో, ఆ ఒక్క సాయంత్రానికే ఈ ప్రయాణం పెట్టుకోవచ్చు అనిపించింది నాకు.

జయాన్ నుంచి బ్రైస్‌కి దగ్గర దారి సొరంగంలోంచి. 1930లో పూర్తయిన ఆ సొరంగం 1.1 మైళ్ళు ఉంటుంది, పెద్ద బండ్లకి చాలదు. ఇన్నాళ్ళూ 15 డాలర్ల పర్మిట్ తీసుకుని, ఎదురు బండ్లు ఆపించి, మధ్యలోంచి పంపేవాళ్ళు. 2026 మధ్య నుంచి పెద్ద బండ్లను ఆ రోడ్డు మీదకే రానివ్వబోమని పార్కు ప్రకటించింది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ దాటితే పెద్ద బండే, అద్దెకు దొరికే క్లాస్ సి బండ్లు దాదాపు అన్నీ దాటుతాయి. జీపీఎస్ మాత్రం ఆ దారే చూపిస్తుంది. వెనక్కి ఐ-15 ఎక్కి, సీడార్ సిటీ దాటి హైవే 20 మీదుగా హైవే 89 పట్టుకుంటే గంట ఎక్కువ పడుతుంది కానీ టెన్షన్ లేని రోడ్డు.

బ్రైస్ పార్కు లోపలి నార్త్ క్యాంప్‌గ్రౌండ్ అందంగా ఉంటుంది, లోయ అంచు దాకా నడిచి వెళ్ళవచ్చు, కానీ కరెంటు లేదు. పార్కు బయటి రూబీస్ ఇన్‌లో కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం మూడూ ఉన్నాయి, బట్టలు ఉతికే యంత్రాలున్నాయి, పక్కనే కొట్టు. చెట్ల మధ్య ఉన్నామన్న భావన తక్కువ, బస్టాండులా సందడిగా ఉంటుంది. పిల్లలూ పెద్దలూ ఉంటే రూబీస్‌కే నా ఓటు. ఇది ఎనిమిది వేల అడుగుల ఎత్తు, వేసవిలో కూడా రాత్రి చలి గట్టిగా ఉంటుంది, స్వెట్టర్లు పైకే పెట్టుకోండి. సన్‌సెట్ పాయింట్ నుంచి సన్‌రైజ్ పాయింట్ దాకా అర మైలు చదును దారి ఉంది, పెద్దవాళ్ళకి అది చాలు, ఎత్తు వల్ల ఆయాసం వస్తే మధ్యలో బెంచీల మీద కూర్చోవచ్చు.

ఇప్పుడు వంట గురించి, అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆర్వీలో పొయ్యి ఉంది కదా అని మూడు పూటలా అన్నం, కూర, పప్పు, చారు అని మొదలుపెడితే ఆ మనిషి కొండలు చూడదు. మా ఇంట్లో బయల్దేరేముందే మాట అనుకున్నాం: రోజుకి ఒక్కపూటే వంట, మిగతావి పొడులు, పచ్చళ్ళు, పెరుగు, బ్రెడ్డు, పళ్ళు. పులిహోర పులుసు, ఉప్మాకి వేయించిన రవ్వ తాలింపుతో సహా, కందిపొడి, గోంగూర పచ్చడి అన్నీ ఇంట్లోనే చేసి తెచ్చాను. వేడి నీళ్ళు పోస్తే ఉప్మా, అన్నంలో కలిపితే పులిహోర. గిన్నెలు మగవాళ్ళవి, అది కూడా ముందే అనుకున్నాం, మామయ్య సింకు దగ్గర నిలబడి కడిగారు, ఎవరూ నొచ్చుకోలేదు. ఎండుమిర్చి తాలింపు మాత్రం బండిలో అస్సలు పెట్టకండి, ఆ చిన్న డబ్బాలో ఘాటుకి అందరికీ దగ్గు, పొగ అలారం మోగడం మొదలుపెడితే నిద్రపోతున్న పిల్లలంతా లేస్తారు. చిన్న గ్యాస్ స్టవ్ తెచ్చుకుని బయట బల్ల మీద పెట్టుకోండి, తిన్నాక ఆహారమంతా లోపల పెట్టి తలుపేయండి, ఉడతలూ కాకులూ కాచుకుని ఉంటాయి.

కరెంటు లెక్క కూడా వంటకి సంబంధించిందే. 30 ఆంపుల సైటు అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. ఏసీకి పదిహేను వందల దాకా, ఇండక్షన్ స్టవ్ గట్టిగా పెడితే పద్ధెనిమిది వందలు, మైక్రోవేవ్ ఇంకో వెయ్యి పైన, మూడూ కలిసి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నానికి ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) పెట్టినప్పుడు మైక్రోవేవ్ ముట్టుకోకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి, పిల్లలకి కూడా.

పేజ్ గురించి తక్కువ చెప్తాను. లేక్ పావెల్ ఒడ్డున వావీప్‌లో అన్ని సౌకర్యాలతో ఆర్వీ పార్కు ఉంది, పిల్లలు నీళ్ళలోంచి బయటకి రారు. ఆంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు లోయ నవాహో ఆదివాసీల నేలలో ఉంది, వాళ్ళ గైడుతోనే వెళ్ళాలి, ముందే బుక్ చేసుకోవాలి. అరిజోనా గడియారం మార్చదు కాబట్టి వేసవిలో యూటాకన్నా గంట వెనక ఉంటుంది, కానీ నవాహో నేలలో గడియారం మారుస్తారు, టూర్ టైము ఏ లెక్కలో ఉందో టికెట్ ఇచ్చినవాళ్ళనే అడగండి. నది గుర్రపు నాడాలా వంపు తిరిగే హార్స్‌షూ బెండ్ దగ్గరి పార్కింగ్ పేజ్ ఊరివాళ్ళది, నేషనల్ పార్క్ పాస్ చెల్లదు. పాస్ అంటే గుర్తొచ్చింది, 2026 నుంచి అమెరికాలో నివసించేవాళ్ళకీ విదేశాల నుంచి వచ్చినవాళ్ళకీ రుసుములు వేరు చేశారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలుంటే పార్క్ సర్వీస్ సైటులో చూసుకుని వెళ్ళండి.

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో బండి ఆపుకోవడానికి పక్కపక్కనే రెండు చోట్లున్నాయి, మేథర్, ట్రైలర్ విలేజ్. మేథర్‌లో పైన్ చెట్ల నీడ, విశాలమైన సైట్లు, అప్పుడప్పుడు ఎల్క్ జింకలు పక్కనుంచే నడుస్తాయి. కానీ కరెంటు లేదు, బండి 30 అడుగులు దాటితే పట్టదు. ట్రైలర్ విలేజ్‌లో కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం మూడూ ఉన్నాయి, నేరుగా లోపలికి పోయి నేరుగా బయటకి వచ్చే సైట్లున్నాయి, కానీ బండ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, మేథర్ కన్నా ఖరీదు ఎక్కువ. చిన్న పిల్లలో, రాత్రి మందులూ మిషన్లూ అవసరమైన పెద్దలో ఉంటే ట్రైలర్ విలేజ్, లేకపోతే మేథర్. రెండు చోట్ల నుంచీ షటిల్ ఉంది. ప్రతి పార్కులో పిల్లలకి జూనియర్ రేంజర్ పుస్తకం అడగండి. దాన్ని పూర్తిచేసి రేంజర్ ముందు ప్రమాణం చేసి బ్యాడ్జీ తీసుకుంటారు, మా చిన్నదానికి ఆ బ్యాడ్జీల ముందు ఐప్యాడ్ గుర్తుకే రాలేదు.

మురుగు ట్యాంకు పని అసహ్యమని భయపడతారు, పద్ధతి తెలిస్తే అయిదు నిమిషాలు. బాత్రూమ్ ట్యాంకు ముందు, సింకు నీళ్ళ ట్యాంకు తర్వాత వదలాలి, రెండో నీళ్ళతో గొట్టం శుభ్రమవుతుంది. మురుగు గొట్టం తగిలించి ఉన్నా బాత్రూమ్ ట్యాంకు వాల్వు మూసే ఉంచాలి, తెరిచి పెడితే నీళ్ళు పోయి మిగతాది గడ్డకడుతుంది. చేతి తొడుగులు వేసుకోండి, తాగేనీళ్ళ గొట్టం దీనికి దూరంగా పెట్టండి. మనవాళ్ళు టాయిలెట్లో చెంబు వాడతారు కాబట్టి నీళ్ళ కుళాయి లేని చోట మంచినీళ్ళ ట్యాంకు అనుకున్నదానికన్నా ముందే ఖాళీ అవుతుంది, అలాంటి చోట్ల క్యాంప్‌గ్రౌండ్ టాయిలెట్లు వాడమని పెద్దవాళ్ళకి మొదటే మెల్లగా చెప్పండి. నూనె, అన్నం మెతుకులు సింకులో పోయనివ్వకండి.

మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళుంటే ఆర్వీ వద్దని గట్టిగా చెప్తాను. మినీవ్యాన్ తీసుకుని కేవోఏ అనే ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్ల సంస్థ వాళ్ళ డీలక్స్ క్యాబిన్లలో ఉండండి, వాటిలో బాత్రూమ్ ఉంటుంది, మామూలు క్యాబిన్లలో ఉండదు. బయట బల్లా, మంట వేసుకునే చోటూ ఎలాగూ ఉంటాయి.

చివరి రాత్రి గ్రాండ్ కాన్యన్‌లో ఉండకండి. అక్కడి నుంచి వేగాస్ 280 మైళ్ళు, బండి తిరిగివ్వాల్సింది సాధారణంగా పొద్దున్నే, ఆలస్యమైతే గంటల లెక్కన వేస్తారు. కింగ్‌మన్‌లో ఆగితే మిగిలేది వంద మైళ్ళ పైచిలుకే, ట్యాంకులు ఖాళీ చేసి, బండి ఊడ్చి, పెట్రోలు నింపుకుని నెమ్మదిగా చేరవచ్చు.