గూగుల్ స్కాలర్ ప్రొఫైల్: ఔషధ పరిశోధకుల కృషిని ఎంతవరకు చూపగలదు?

ఒక ఫార్మకాలజీ పరిశోధకుడు ఎన్ని పత్రాలు ప్రచురించాడో, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో రుసుము లేకుండా చూపే సేవల్లో ఎక్కువమంది మొదట తెరిచేది గూగుల్ స్కాలర్‌నే. 2004 నవంబరులో మొదలైన ఈ సేవకు పరిశోధకుల ప్రొఫైళ్లు 2011లో తోడయ్యాయి. మొత్తం సైటేషన్లు (ఇతరులు ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్, ఐ10-ఇండెక్స్ అనే మూడు అంకెలను ఆ పేజీ చూపిస్తుంది. కనీసం ఇరవై సైటేషన్ల చొప్పున వచ్చిన పత్రాలు ఇరవై ఉంటే హెచ్-ఇండెక్స్ 20 అవుతుంది. భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ 2005లో ప్రతిపాదించిన కొలమానం ఇది. పది అంతకు మించి సైటేషన్లున్న పత్రాల సంఖ్యే ఐ10. ఇలాంటి అంకెలనే చందా మీద చూపే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ సేవల ఖర్చు భరించలేని కళాశాలల అధ్యాపకులకు ఈ సేవ నిజంగా ఆసరా.

సిద్ధాంత గ్రంథాలు, పుస్తకాలు, ప్రీప్రింట్లు (నిపుణుల సమీక్షకు ముందే బయటపెట్టే పత్రాలు), పేటెంట్లు కూడా ఇందులోకి వస్తాయి. ఔషధ పరిశోధనలో చాలా భాగం పేటెంట్లలోనే ఉంటుంది కాబట్టి ఈ విస్తృతి మనకు పనికొస్తుంది. అయితే ఇదే కారణంగా ఒకే వ్యక్తికి ఇక్కడ కనిపించే అంకె సాధారణంగా స్కోపస్‌లో కంటే పెద్దదిగా ఉంటుంది. ఒకరి స్కాలర్ అంకెను మరొకరి స్కోపస్ అంకె పక్కన పెట్టి నియామకాలు తేల్చడం అన్యాయం. పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి, చివర రావో రెడ్డో మిగిలే మన పేర్లకు అదే పేరున్న వేరొకరి పత్రాలు వచ్చి చేరే ప్రమాదం ఎక్కువ. కొత్త పత్రాలను తనంతట తానే చేర్చే ఏర్పాటును వదిలి, ముందుగా ఈమెయిల్లో అనుమతి అడిగే ఏర్పాటును ఎంచుకోవడం మేలు.

నా అసలు అభ్యంతరం అంకెల వెనుక ఉన్న పని గురించి. భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరుతో వెతికితే ముందువరుసలో నిలిచేది, సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించిన పత్రం. ఫాస్ఫరస్‌ను రంగు ఆధారంగా కొలిచే ఆ పద్ధతిని జీవరసాయన ప్రయోగశాలలు దశాబ్దాల తరబడి వాడుకుని ఉదహరించాయి. ఆయన తరువాత అమెరికా మందుల సంస్థ లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించిన ఔషధ పరిశోధన మాత్రం ఆయన ఖాతాలో ఆ స్థాయిలో కనిపించదు. ఆయన బృందం అందించిన అమినోప్టెరిన్ అనే మందుతో పిల్లల్లో తీవ్రమైన ల్యుకేమియా (రక్త క్యాన్సర్) తాత్కాలికంగా తగ్గిందని అమెరికా వైద్యుడు ఫార్బర్ 1948లో ప్రకటించిన పత్రానికి రచయితలుగా ఉన్నది ఫార్బర్, ఆయన సహ వైద్యులు; సుబ్బారావు పేరు ఆ వరుసలో లేదు. లెడర్లీలోనే బయటపడిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను లోకానికి పరిచయం చేసిన పత్రం, అక్కడి శాస్త్రవేత్త డగ్గర్ ఒక్కరి పేరు మీదే వచ్చింది. మన ఊళ్లలో బోదకాలు నివారణకు పంచిన డీఈసీ (డైఇథైల్‌కార్బమజైన్) మాత్ర కూడా ఆ ప్రయోగశాలల నుంచి వచ్చిందే. మందు మింగేవాళ్లు ఎవరినీ ఉదహరించరు కదా!

దీనికి వ్యతిరేక దిశలో, అంకెలు పెద్దవిగా కనిపించే ఉదాహరణలూ ఉన్నాయి. ఒక చర్యను సగానికి తగ్గించే మందు గాఢత (ఐసీ50) నుంచి, ఆ మందు తన లక్ష్యానికి ఎంత గట్టిగా అంటుకుంటుందో చెప్పే విలువను (కేఐ) లెక్కగట్టే చెంగ్-ప్రుసాఫ్ సమీకరణం 1973 నాటిది. నేటికీ ఎడతెరిపి లేకుండా సైటేషన్లు పోగేసుకుంటోంది, అందుకు అది అర్హమే. కానీ బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫార్మకాలజీ తన రచయితలను మందులు పనిచేసే లక్ష్యాల సంక్షిప్త సమాచార సంకలనమైన కన్సైజ్ గైడ్ టు ఫార్మకాలజీని ఉదహరించమని కోరుతుంది. ఆ గైడ్ రచయితల జాబితా పొడవైనది. అందులో చివర ఉన్నవారి ప్రొఫైల్లోకీ మొదట ఉన్నవారి ప్రొఫైల్లోకీ స్కాలర్ అవే సైటేషన్లను పూర్తిగా జమ చేస్తుంది.

తన పత్రాలను తానే ఉదహరించుకున్న సందర్భాలను తీసివేసి చూసే వీలు స్కోపస్‌లో ఉంది, ఇక్కడ లేదు. అంకెలను కృత్రిమంగా పెంచడమూ సులువే: స్పెయిన్‌లోని గ్రనాడా పరిశోధకులు 2012లో ఒక కల్పిత రచయిత పేరిట నకిలీ పత్రాలను విశ్వవిద్యాలయ సైటులో ఉంచి, తమ సైటేషన్లు పెరగడాన్ని బహిరంగంగా నిరూపించారు.

కాబట్టి వెతికే సాధనంగా దీనికి పూర్తి మార్కులు వేస్తాను, తూకపు రాయిగా మాత్రం సగమే. ఎంపిక సంఘాల్లో కూర్చునేవారు హెచ్-ఇండెక్స్ దగ్గర ఆగకుండా, సైటేషన్ల క్రమంలో ఉన్న మొదటి పది పత్రాలను తెరిచి, అవి పద్ధతులా, సమీక్షా వ్యాసాలా, ఉమ్మడి గైడ్లా, సొంతంగా కనుగొన్న విషయాలా అన్నది చూడాలి. పేటెంట్లనూ, మందుగా మారిన అణువులనూ అభ్యర్థి చేతే విడిగా రాయించుకోవాలి.