స్మార్ట్ హోమ్: ఏళ్ల తరబడి వాడాక మా ఇంట్లో నిలిచినవి ఇవీ

స్మార్ట్ హోమ్ అనగానే ఫోన్‌లో లైటు వేయడం, మాటతో ఫ్యాను తిప్పడం చూపిస్తారు. ఏళ్ల తరబడి వాడాక నాకు అర్థమైందేమిటంటే, ఆ రెండూ కొత్త మోజు తీరేదాకానే. ఫోను తీసి, లాక్ తెరిచి, యాప్ వెతికేలోపు నడిచి వెళ్లి గోడ మీది స్విచ్ వేసేయొచ్చు. ఎవరూ ఏమీ నొక్కకుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా జరిగిపోయే పనులే మా ఇంట్లో మిగిలాయి. వాటి కోసమైతే మళ్లీ డబ్బు పెట్టమన్నా పెడతాను.

మా అమ్మ రాత్రుళ్లు లేస్తుంటుంది. మంచం నుంచి బాత్రూమ్ దాకా గోడ అడుగున, నేలకు జానెడు ఎత్తులో సన్నటి ఎల్ఈడీ స్ట్రిప్ బిగించాం. మంచం కింద చిన్న మోషన్ సెన్సర్ పెట్టాం. ఆమె కాలు నేల మీద పెట్టగానే స్ట్రిప్ పది శాతం వెలుగుతో వెలుగుతుంది. కళ్లు చెదరవు, పక్కన పడుకున్నవాళ్లకు మెలకువ రాదు. ఆమె తిరిగొచ్చి పడుకున్న కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. ఆమె దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు, అవసరమూ పడలేదు. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచే భయం పోయింది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు చేయించాల్సిన పని ఇదే.

దీని వెనక జరిగేది పెద్ద విషయమేమీ కాదు. సెన్సర్ కదలికను పసిగట్టి హబ్‌కు, అంటే ఇంట్లోని పరికరాలన్నిటినీ కలిపి నడిపే చిన్న పెట్టెకు, చెబుతుంది. హబ్‌లో మనం రాసిపెట్టిన నియమం ఉంటుంది: కదలిక కనిపిస్తే, టైము రాత్రి పదకొండు నుంచి ఐదు మధ్య అయితే, ఈ స్ట్రిప్ వెలిగించు. మిగతా ఏర్పాట్లన్నీ ఈ మూడు ముక్కల మీదే నడుస్తాయి. ఇలా దూరం నుంచి లైట్లు నడపడం ఈనాటిది కూడా కాదు. 1975లోనే స్కాట్లాండ్‌లోని ఒక కంపెనీ ఎక్స్-10 అనే పద్ధతి తయారుచేసింది. ఇంట్లోని కరెంటు తీగల మీదుగానే సంకేతాలు పంపేది అది.

కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది: ఇంటర్నెట్ పోతే ఇది పనిచేస్తుందా? చవకగా దొరికే వైఫై పరికరాల్లో చాలావాటికి ఆదేశం ముందు కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి తిరిగి మన గదిలోకి రావాలి. నేను కొన్న ప్లగ్గులు కొన్ని బాగానే పనిచేసేవి. ఆ కంపెనీ తన సర్వర్లు ఆపేసిన రోజు నుంచి వాటిలోని స్మార్ట్ భాగం మొత్తం పోయింది. వస్తువు చెడిపోలేదు, మా ఇంట్లో ఏ లోపమూ లేదు, అయినా పనికిరాకుండా పోయింది. డబ్బిచ్చి కొన్న వస్తువుకు ఈ గతి పట్టడం అన్యాయం, ఆ కోపం నాకింకా ఉంది. అందుకే ఇప్పుడు హబ్ ఇంట్లోనే ఉండి, నియమాలు అందులోనే నడిచే పరికరాలే తీసుకుంటున్నాను. 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ ప్రమాణం కూడా ఇంటి నెట్‌వర్క్‌లోనే మాట్లాడుకునేలా తయారైంది. వేర్వేరు కంపెనీల వస్తువులు ఒకదానితో ఒకటి కలవడం దానివల్ల తేలికైంది.

సెన్సర్లకు నేను వాడేది జిగ్బీ, అంటే చిన్న పరికరాలు తక్కువ కరెంటుతో తీగలు లేకుండా మాట్లాడుకునే పద్ధతి. కరెంటుతో నడిచే జిగ్బీ ప్లగ్గులూ, రిలే మాడ్యూళ్లూ (హబ్ చెప్పినప్పుడు కరెంటు కలిపి, ఆపే చిన్న పరికరాలు) దాదాపు అన్నీ పక్కదాని సంకేతాన్ని అందుకుని ముందుకు పంపుతాయి. బ్యాటరీతో నడిచేవి ఆ పని చేయవు. కాబట్టి దూరపు గదిలో సెన్సర్ మాటిమాటికీ తెగిపోతుంటే హబ్‌ను తిట్టకుండా మధ్యలో ఒక ప్లగ్గు పెట్టండి. ఇంకో చిక్కు, జిగ్బీ ఉండే 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాన్నే వైఫై కూడా వాడుతుంది, దాంతో ఒకదానికొకటి అడ్డుపడతాయి. వైఫై ఒకటో ఛానల్లో ఉంటే జిగ్బీని 25కు మార్చుకోవచ్చు. కంప్యూటర్‌నే హబ్‌గా వాడితే, జిగ్బీ సంకేతాలు అందుకునే చిన్న డాంగిల్‌ను దాని వెనక యూఎస్‌బీ 3 పోర్టుకు నేరుగా గుచ్చకుండా ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెట్టడం ఇంకా ముఖ్యం. ఆ పోర్టు నుంచి వచ్చే అలజడి ఇదే పౌనఃపున్యంలో పడుతుంది.

స్మార్ట్ బల్బుల కంటే స్విచ్ వెనక బిగించే రిలే మాడ్యూలే నాకు నచ్చింది. బల్బు స్మార్ట్‌దైతే ఎవరో ఒకరు అలవాటుగా గోడ స్విచ్ ఆపేస్తారు, కరెంటు అందక బల్బు హబ్‌కు కనిపించకుండా పోతుంది. మాడ్యూల్ అయితే స్విచ్ ఎప్పటిలాగే పనిచేస్తుంది, హబ్ చెప్పినా పనిచేస్తుంది. వచ్చిన చుట్టాలకు ఏదీ నేర్పక్కర్లేదు. చాలా మాడ్యూళ్లకు స్విచ్ బాక్స్‌లో న్యూట్రల్ తీగ కావాలి. పాత వైరింగ్‌లో అది ఉండకపోవచ్చు, ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించుకోండి. కరెంటు పోయి వచ్చాక ఏ స్థితిలో ఉండాలో సెట్టింగ్‌లో ఎంచుకోవడం మరిచిపోకండి. లేకపోతే అర్ధరాత్రి కరెంటు రాగానే పడకగది లైటు భగ్గున వెలుగుతుంది.

కరెంటు బిల్లు సంగతి అందరూ అడుగుతారు. లైట్లతో ఆదా అవుతుందనేది నేను నమ్మను. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ రోజుకో గంట వృథాగా వెలిగితే ఏడాదికి 3.3 యూనిట్లు అవుతుంది. ఆరి ఉన్నా హబ్ మాట వినడానికి అర వాటు తాగే స్మార్ట్ బల్బు ఏడాదికి 4.4 యూనిట్లు తింటుంది. లెక్క అక్కడే తేలిపోయింది. ఆదా ఉన్నదల్లా వేడిచేసే, చల్లబరిచే పరికరాల్లోనే. మా వాటర్ హీటర్ ఎవరైనా వేసి మరిచిపోతే అరగంటకు దానంతటదే ఆగిపోతుంది. కిటికీకి పెట్టిన సెన్సర్ అది తెరిచి ఉందని చెప్పగానే ఏసీ ఆగుతుంది. రెండు వేల వాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. పది ఆంపియర్లని రాసున్న చిన్న మాడ్యూల్ సరిపోతుందనిపించినా, ఎక్కువసేపు ఆ భారం మీద అది వేడెక్కుతుంది. 16 ఆంపియర్లది, లేదంటే ఎక్కువ కరెంటును తట్టుకునే కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ పెట్టించండి. ఈ ఒక్క విషయంలో చవకకు పోవద్దు.

అన్నిటికంటే తక్కువ ఖరీదుకు ఎక్కువ మేలు చేసింది నీటి లీకు సెన్సర్. దాని అడుగున రెండు లోహపు బొడిపెలుంటాయి, వాటి మధ్య నీళ్లు చేరితే సంకేతం వెళ్తుంది, అంతే. వంటగది సింకు కింద పైపు జాయింటు నుంచి నీళ్లు కారుతున్నాయని మాకు చెప్పింది అదే. అలమార చెక్క ఉబ్బకముందే ప్లంబర్ వచ్చి బాగుచేశాడు.

విసిగించినవీ ఉన్నాయి. మామూలు పీఐఆర్ మోషన్ సెన్సర్ కదిలే వేడిని మాత్రమే చూస్తుంది, కుర్చీలో కదలకుండా కూర్చుని చదువుకుంటే గదిలో ఎవరూ లేరనుకుని లైటు ఆపేస్తుంది. చదువుకునే గదిలో దాని బదులు మిల్లీమీటర్ వేవ్ రాడార్ సెన్సర్ పెట్టాను. అది ఊపిరి కదలికను కూడా పట్టుకుంటుంది, కాకపోతే ఊగే కర్టెన్‌నీ మనిషనుకుంటుంది. సెన్సర్లలోని లిథియం బిళ్ల బ్యాటరీలు చివరిదాకా నిండుగా ఉన్నట్టే చూపించి ఒక్కసారిగా చేతులెత్తేస్తాయి. శాతం అంకెను నమ్మకుండా, ఒక రోజంతా ఏ సెన్సర్ నుంచీ మాట రాకపోతే నాకు మెసేజ్ వచ్చేలా పెట్టుకున్నాను.

భద్రత విషయంలో మొహమాటం లేదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాలు, రికార్డర్లను చేజిక్కించుకున్నది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చకపోవడం వల్లే. మా వైఫై పరికరాలన్నీ మా ఫోన్లు, కంప్యూటర్లు లేని గెస్ట్ నెట్‌వర్క్‌లో విడిగా ఉంటాయి. పడకగదిలో కెమెరా గానీ, మైకు ఉన్న స్పీకర్ గానీ లేదు, పెట్టను కూడా. వీధి తలుపుకు స్మార్ట్ తాళం పెట్టించమని ఇంట్లో అడుగుతున్నారు. బయట నుంచి మామూలు తాళంచెవితో తెరవగలిగే మోడల్ అయితేనే దానికి ఒప్పుకుంటాను.