నాలుగేళ్లు పైథాన్-టెలిగ్రామ్-బాట్ వాడాక

మా బావకి నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర రొయ్యల మేత డిపో ఉంది. 2021లో ఒకరోజు, "పొద్దున లేస్తే రేటెంత, రేటెంత అని ఫోన్లే. నీ కంప్యూటర్ చదువుకి దీనికేమన్నా దారుందా అబ్బయ్యా?" అన్నాడు. అడిగినదానికి తనే జవాబు చెప్పే ప్రోగ్రామ్, అంటే బాట్, వాట్సాప్‌లో పెడదామంటే బిజినెస్ ఏపీఐకి (మన ప్రోగ్రామ్‌ని వాట్సాప్‌కి కలిపే దారికి) ఖర్చు, నానా తతంగం. టెలిగ్రామ్‌లో అయితే కొత్త బాట్లని నమోదు చేసే బాట్‌ఫాదర్‌కి రెండు ముక్కలు పంపితే టోకెన్ (బాట్‌కి తాళంచెవి లాంటిది) చేతికొస్తుంది, పైసా అడగరు. రైతుల ఫోన్లలో టెలిగ్రామ్ ఉంటుందా అని అనుమానపడ్డాను గానీ, సినిమాల కోసం పిల్లలు అప్పటికే ఎక్కించి పెట్టారు.

అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ బాట్ నడుస్తున్నది పైథాన్-టెలిగ్రామ్-బాట్ లైబ్రరీ మీదే, అంటే పైథాన్ భాషలో టెలిగ్రామ్ బాట్లు రాయడానికి ముందే తయారుగా ఉన్న కోడ్ మీదే. రైతు 50 అని పంపితే, కిలోకి యాభై తూగే రొయ్యకి, అంటే 50 కౌంట్‌కి, ఆ రోజు రేటు చెబుతుంది. ఏ రొయ్యల గుంటకి ఎంత మేత వేశారో, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కూడా రాసుకుంటుంది. పని ఇంతే. ఇంత చిన్న పనిలోనూ నన్ను తిప్పలు పెట్టినదంతా వచ్చే మెసేజ్‌ల దగ్గరే. జవాబు పంపడం ఒక్క లైను.

ఈ లైబ్రరీలో టెలిగ్రామ్ నుంచి బాట్‌కి వచ్చేది ఏదైనా అప్‌డేటే. ఏ రకం అప్‌డేట్ ఏ ఫంక్షన్‌కి వెళ్లాలో హ్యాండ్లర్లతో చెబుతాం, ఫిల్టర్లతో జల్లెడ పడతాం. ఫిల్టర్లని 'ఇదీ అదీ', 'ఇది కానిది' అని కలుపుకుంటూ పోవచ్చు. నాకు ఈ లైబ్రరీలో బాగా నచ్చింది ఇదే. టెక్స్ట్ అయ్యుండి కమాండ్ (స్లాష్ గుర్తుతో మొదలయ్యే ఆదేశం) కానిది అని చెప్పడానికి ఒక్క ముక్క చాలు.

మెలిక వరుసలో ఉంది. హ్యాండ్లర్లని గ్రూపులుగా (చాట్ గ్రూపులు కావు) పెట్టుకోవచ్చు. ఒక గ్రూపులో మొదట సరిపోయిన హ్యాండ్లర్ ఒక్కటే పనిచేస్తుంది. రెండో గ్రూపు పెడితే అందులోనూ ఒకటి పనిచేస్తుంది. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉన్నా నేను సగం చదివి వదిలేశాను. ఏ హ్యాండ్లర్‌కీ సరిపోని మెసేజ్‌ని లైబ్రరీ గమ్మున వదిలేస్తుంది కదా, వాటి కోసం 'అర్థం కాలేదు, మళ్లీ పంపండి' అనే హ్యాండ్లర్‌ని వేరే గ్రూపులో పెట్టాను. మరుసటి రోజు అందరికీ ముందు రేటు, దాని వెనకే 'అర్థం కాలేదు'. "ఏంది సామీ, చెప్పింది నువ్వే, అర్థం కాలేదనేది నువ్వేనా?" అని ఒకాయన డిపోకి వచ్చి మరీ అడిగాడు. దాన్ని అదే గ్రూపులో అన్నిటికన్నా చివరికి మార్చాక సర్దుకుంది.

తర్వాత తగిలింది ఎడిట్. 30 అని కొట్టి, తప్పు చూసుకుని 80 అని దిద్దుతారు. మెసేజ్‌హ్యాండ్లర్ దిద్దిన మెసేజ్‌ని కూడా తీసుకుంటుంది, కానీ అప్పుడు అప్‌డేట్‌లో మెసేజ్ గడి ఖాళీగా ఉంటుంది, సరుకంతా ఎడిటెడ్ మెసేజ్ గడిలో ఉంటుంది. నేను అన్నిచోట్లా మెసేజ్ అనే రాసుకున్నాను కాబట్టి ఎర్రర్. పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టే రోజు, లారీ డ్రైవర్ లైవ్ లొకేషన్ పెట్టాడు. లారీ కదిలిన ప్రతిసారీ వచ్చేది ఎడిటే! ఆ రాత్రి లాగ్ ఫైల్ చూస్తే తల తిరిగింది. రెండు గడుల్లో ఏది నిండితే అది ఇచ్చే ఎఫెక్టివ్ మెసేజ్ వాడితే ఈ గొడవ ఉండదు. ఎడిట్లే వద్దనుకుంటే వాటిని ఆపే ఫిల్టర్ కూడా ఉంది.

తెలుగులో బాట్ రాసేవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. పైథాన్ రెజెక్స్‌లో (నమూనా ఇచ్చి మాటలు వెతికే పద్ధతిలో) మాటల్ని పట్టే 'డబ్ల్యూ' (\w) గుర్తు మన గుణింతాల్ని అక్షరాలుగా లెక్కపెట్టదు. దాంతో 'రేటు'ని ర, ట అని రెండు ముక్కలు చేస్తుంది. నేను రెండు రోజులు తప్పు నా ఫిల్టర్‌లో వెతికాను. ఇప్పుడు తెలుగు యూనికోడ్ పరిధినే (కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలకిచ్చిన నంబర్ల వరసనే) నేరుగా ఇచ్చుకుంటున్నాను. 'ఫీడ్‌బిల్' లాంటి మాటల మధ్య కొన్ని కీబోర్డులు కంటికి కనపడని ఒక అక్షరం పెడతాయి, కొన్ని పెట్టవు. చూడ్డానికి ఒకటే, పోల్చితే వేరు. ముందే దాన్ని తీసేసి తర్వాత పోల్చాలి. అంకెల దగ్గర మాత్రం పైథాన్ మనల్ని గౌరవించింది. రిటైరైన మాస్టారొకరు ౫౦ అని తెలుగు అంకెల్లో పంపితే, నేనేమీ చేయకుండానే అది యాభై అని తీసుకుంది.

బటన్ల సంగతి ఇంకోటి. బటన్ నొక్కితే వచ్చేది మెసేజ్ కాదు, కాల్‌బ్యాక్ క్వెరీ. దానికి వేరే హ్యాండ్లర్ కావాలి, 'ఆన్సర్' చెప్పకపోతే రైతు ఫోన్‌లో బటన్ తిరుగుతూనే కనిపిస్తుంది. అందులో దాచుకునే డేటాకి టెలిగ్రామ్ 64 బైట్లే ఇస్తుంది. తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి మూడేసి బైట్లు. 'ఇందుకూరుపేట ఉత్తరం గుంట 2' అని పెట్టాను, 67 అయింది, బటనే రాలేదు. ఇప్పుడు గుంటలకి నంబర్లే పంపుతున్నాను.

మేత లెక్కకి కాన్వర్సేషన్‌హ్యాండ్లర్ వాడాను. గుంట ఏది, మేత ఎన్ని కిలోలు, ఆక్సిజన్ ఎంత అని ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంది. మధ్యలో కరెంటు పోయి డిపో కంప్యూటర్ ఆగితే, ఎవరు ఏ ప్రశ్న దగ్గరున్నారో మర్చిపోతుంది. ఆ వివరాల్ని ఫైల్‌లో దాచే పికిల్ పర్సిస్టెన్స్ పెట్టుకుంటే గుర్తుంటుంది గానీ, మామూలుగా అది నిమిషానికోసారే ఫైల్‌లో రాస్తుంది. యూపీఎస్ కొన్నాం.

టైమ్ విషయంలో తప్పు పూర్తిగా నాదే. మెసేజ్ తేదీ యూటీసీలో, అంటే మన టైమ్‌కన్నా ఐదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక టైమ్‌లో వస్తుంది. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, రైతులు మూడింటికో నాలుగింటికో చూసి పంపుతారు. ఐదున్నర గంటలు కలపకపోవడంతో ఆ లెక్కలన్నీ ముందు రోజు ఖాతాలో పడ్డాయి. నెల తర్వాత బావ కనిపెట్టాడు.

2023 మొదట్లో వచ్చిన లైబ్రరీ 20వ వెర్షన్‌లో అంతా అసింక్ అయింది, అంటే ఒక పని పూర్తయ్యేదాకా ఆగకుండా ఇంకోటి అందుకునే పద్ధతికి మారింది. ఫిల్టర్ల పేర్లు మారాయి, ప్రతి హ్యాండ్లర్‌నీ తిరగరాయాలి. ఒకచోట కోడ్‌లో అవెయిట్ అనే మాట మర్చిపోతే మెసేజ్ వెళ్లదు, లాగ్‌లో ఒక హెచ్చరిక తప్ప ఏమీ కనపడదు. మూడు ఆదివారాలు పోయాయి. పాతదే నడుస్తుంటే ఎందుకు మార్చానా అని అప్పుడు అనిపించింది, ఇప్పుడు అనిపించదు.

అదే ఏడాది డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకి మాకు రెండు రోజులు కరెంటు, నెట్ లేవు. టెలిగ్రామ్ అందని అప్‌డేట్లని 24 గంటలకి మించి దాచదు. మొదటి రోజువి పోయాయి, రెండో రోజువి ఒక్కసారిగా మీద పడ్డాయి. బాట్ నిన్నటి ప్రశ్నలకి ఇవాళ వరసగా జవాబులు చెప్పుకుంటూ పోయింది. పాతవన్నీ వదిలెయ్యమనే సెట్టింగ్ ఉంది గానీ మేత లెక్కలు పోతాయని పెట్టలేదు. రేటు అడిగినవాటికి మాత్రం గంట దాటితే జవాబు చెప్పకుండా రాసుకున్నాను.

వాయిస్ మెసేజ్‌ల దగ్గర మాత్రం ఓడిపోయాను. గట్టు మీద తడి చేతులతో ఎవరు టైప్ చేస్తారు, మైక్ నొక్కి మాట్లాడతారు. వాటిని పట్టడానికి వాయిస్ ఫిల్టర్ ఉంది, పట్టాక ఏం చేయాలో నాకే తెలియక బావ ఫోన్‌కి పంపేస్తున్నాను. మొన్న సంక్రాంతికి వెళ్తే, ఫోన్లు తగ్గాయి కదా అన్నాను. "ఫోనైతే ఎత్తకుండా ఉండొచ్చు, ఇవి వినాలి గదా" అన్నాడు.