ఏళ్ల తరబడి వాడిన లిఫ్టు: సర్వీసింగు జరిగితే సరిపోతుందా?

మా భవనంలో లిఫ్టు పాతకాలపు రెండు వేగాల మోటారు రకం. బిగించిన నాటి నుంచీ వాడుతున్నాను. ఆగేటప్పుడు చిన్న కుదుపు తప్ప మోటారుకు వంక పెట్టలేం. లోపలి ఫ్యాను సంగతి ఎత్తకపోవడమే మేలు.

తేడా వచ్చింది ఆగడంలో. కొన్నాళ్లుగా లిఫ్టు గడపకు వేలెడు కిందికి దిగి ఆగేది. చేతికర్రతో నడిచే పెద్దవాళ్లకు కాలు తట్టుకునేది. సర్వీసింగుకు వచ్చే అబ్బాయి నెలనెలా పట్టాలకు నూనె రాసి, తలుపుల గాడిలో దుమ్ము తీసి, రిజిస్టరులో సంతకం చేసి వెళ్లేవాడు. అతని పనిలో లోపం లేదు. కానీ నూనె రాసిన చెయ్యే ‘అంతా బాగుంది’ అని రాసుకుంటే దాన్ని తనిఖీ అనలేం. బ్రిటన్‌లో 1998 నాటి నిబంధనల ప్రకారం మనుషులెక్కే లిఫ్టును మామూలుగా ఆరు నెలలకోసారి, నిష్పాక్షికంగా చూడగల నిపుణుడు క్షుణ్ణంగా పరీక్షించాలి.

ఎట్టకేలకు మా సంఘం బయటి నిపుణుణ్ని పిలిపించింది. ఆయన మెషీన్ రూములో ఉక్కుతాడును గుడ్డతో తుడిచి చూపించారు. గుడ్డకు ఎర్రటి పొడి అంటుకుంది. తాడు లోపలి తీగలు ఒకదానికొకటి రాసుకుని అరిగితే వచ్చే పొడి అది. పైకి చూస్తే తాడుకు ఏ లోటూ లేదు! బ్రేకు లైనింగు కూడా అరిగిపోయింది. ఇలాంటి మోటార్లలో లిఫ్టును గడప దగ్గర నిలిపేది బ్రేకే కాబట్టి, ఆ వేలెడు తేడా అక్కడి నుంచే వచ్చింది.

తర్వాత గవర్నరు పరీక్ష. లిఫ్టు వేగం హద్దు మీరితే పసిగట్టి ఆపించే పరికరమే గవర్నరు. ఖాళీ లిఫ్టు దిగుతుండగా ఆయన చేత్తో గవర్నరును ఆపగానే, అడుగున ఉన్న ఉక్కు దిమ్మెలు పట్టాలను కరుచుకుని లిఫ్టు ధడేలుమని నిలిచిపోయింది. తాడు తెగితే మనల్ని కాపాడేది ఇదే. 1854లో న్యూయార్కులో ఎలైషా ఓటిస్ తాను నిలబడ్డ వేదిక తాడును కోయించి జనానికి చూపింది దీని తొలి రూపాన్నే. ఏళ్లపాటు కదలకుండా ఉన్న ఈ దిమ్మెలు తుప్పుకో, గట్టిపడిన గ్రీజుకో బిగుసుకుపోవచ్చు. రోజూ ఎక్కి దిగేవారికి ఆ సంగతి తెలిసే దారే లేదు.

తాళ్లు, లైనింగు మార్చాక లిఫ్టు గడపకు సమంగా ఆగుతోంది. తలుపు సెన్సరు మాత్రం ఇప్పటికీ సన్నటి చేతికర్రను గుర్తించడం లేదు. నివేదికలో అదీ రాశారు, మార్చడానికి గడువూ పెట్టారు. అది మార్చేదాకా నా మార్కులు అయిదుకు మూడున్నరే.