పోర్ట్రెయిట్ మోడ్ బ్లరా, లెన్స్ ఇచ్చే బ్లరా?

ఫోన్‌లో వెనకాల మసకగా ఉండే ఫొటోకి రెండు దారులున్నాయి. ఒకటి పోర్ట్రెయిట్ మోడ్: ఏది ఎంత దూరంలో ఉందో ఫోనే లెక్కగట్టి, వెనకున్నదాన్ని సాఫ్ట్‌వేర్‌తో మసకబారుస్తుంది. 2016లో వచ్చిన ఐఫోన్ 7 ప్లస్ రెండు కెమెరాల చూపులో తేడాను బట్టి దూరాన్ని లెక్కగట్టేది. మరుసటి ఏడాది గూగుల్ ఫోన్ పిక్సెల్ 2 వెనక ఒక్క కెమెరాతోనే ఆ పని చేసింది. లెక్క తప్పితే అంచుల దగ్గర తెలిసిపోతుంది.

మొన్న అమ్మమ్మను పెరట్లో అలాగే తీశాను. కొప్పులో మల్లెపూలు సగం స్పష్టంగా, సగం మసగ్గా వచ్చాయి. కళ్లజోడు అంచు వెనక గోడలో కలిసిపోయింది. చెవి పక్కన ఎగిరే నాలుగు తెల్ల వెంట్రుకలు అసలు లేనే లేవు. నాకు కావలసింది ఆ వెంట్రుకలే!

రెండోది మామూలు మోడ్‌లో లెన్స్ ఇచ్చే సహజమైన బ్లర్. ఫోన్‌లో వెలుగును పట్టే సెన్సర్ చిన్నది కాబట్టి ఇది తక్కువగానే వస్తుంది. అమ్మమ్మను గోడకు పదడుగుల ముందు కూర్చోబెట్టి, దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్స్‌తో తీశాను. మెయిన్ కెమెరాతో మరీ దగ్గరికెళ్తే ముక్కు పెద్దదిగా పడుతుంది. ఈసారి గోడ కొంచెమే మసకబారింది గానీ, ప్రతి వెంట్రుకా, ప్రతి పువ్వూ ఉన్నచోటే ఉన్నాయి.

నిలువెత్తు ఫొటో కావాలంటే మాత్రం పోర్ట్రెయిట్ మోడే దిక్కు. అంత దూరం నుంచి ఫోన్ లెన్స్ వెనకదాన్ని పెద్దగా మసకబార్చలేదు. చాలా ఫోన్లలో బ్లర్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు కూడా. నేనైతే సగానికి తగ్గిస్తాను. ముఖం దగ్గరగా తీసేటప్పుడు నా ఓటు లెన్స్‌కే.