ఊరికి యూనివర్సిటీ వస్తానంటే: క్యాంపా, దత్తతా, ఏడాది పొడుగునా నీళ్ల పరీక్షా – ఏది మేలు?

వరంగల్ చుట్టూ చదువుల సంస్థలకు కొదవ లేదు. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీగా (ఆర్ఈసీ) మొదలైన నిట్, 1976 నాటి కాకతీయ యూనివర్సిటీ, ఇవి కాక లెక్కకు మించిన ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీలు. పర్యావరణం తిప్పలకూ కొదవ లేదు: బోర్లలో ఫ్లోరైడ్, మిర్చి, పత్తి చేన్లకు కొట్టే మందులు, గ్రానైట్ క్వారీల దుమ్ము, మడికొండ–రాంపూర్ దగ్గర నగరం చెత్త, భూపాలపల్లిలో ఓపెన్‌కాస్టు బొగ్గు గనులు, రామగుండంలో థర్మల్ కేంద్రం బూడిద చెరువులు. కాలేజీ ఊరితో కలిసి పనిచేయడానికి ఇప్పుడు వాడుకలో ఉన్న దారులు మూడు. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రత్యేక శిబిరం, కేంద్ర విద్యాశాఖ పథకం ఉన్నత్ భారత్ అభియాన్ కింద గ్రామ దత్తత, ఊరివాళ్లూ ల్యాబూ కలిసి ఏడాది పొడుగునా చేసే పరీక్షలు. పూడిక తీయడం, లెక్కలు రాయడం లాంటి పనైతే మొదటిది సరిపోతుంది. ఊరికి ఎవరిమీదనైనా ఫిర్యాదు ఉంటే మాత్రం మూడోది తప్ప మిగతావి అక్కరకు రావు.

ఏడు రోజుల క్యాంపు

ఎన్ఎస్ఎస్ 1969లో మొదలైంది. వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఒక ఏడు రోజుల శిబిరంలో ఉండాలి. యాభై మంది పిల్లలు ఒకేసారి ఊళ్లో దిగడం చిన్న బలం కాదు. చెరువులోకి నీళ్లు తెచ్చే కాల్వలో పిచ్చిచెట్లు కొట్టాలన్నా, ఇంటింటికీ తిరగాలన్నా ఇంతకన్నా చవకైన దారి లేదు.

చిక్కు కాలంతో వస్తుంది. క్యాంపులు ఎక్కువగా చలికాలంలో పడతాయి. జనవరిలో నాటిన మొక్కకు జూన్ దాకా వాన ఉండదు, నీళ్లు పోసే మనిషి పేరు రాసిపెట్టకపోతే మార్చికే ఎండిపోతుంది. అయినా ప్రతి క్యాంపులోనూ మొక్కలే నాటుతారు, ఫొటో బాగా వస్తుంది కాబట్టి. ఆ రోజుల్లో నీటివనరుల పటం గీయించడం నయం: ప్రతి బోరింగు, నల్లా, వ్యవసాయ బావి ఎక్కడుంది, ఏ వాడవాళ్లు తాగుతున్నారు, వేసవిలో ఎండుతుందా, పక్కన పెంటకుప్ప గానీ సెప్టిక్ గుంత గానీ ఉందా. నాలుగైదు వందల గడపల ఊరైతే రెండు మూడు రోజుల పని. మూడో పద్ధతికి ఇదే పునాది. మేడారం జాతర ఏడాదైతే ఆ వారం జోలికి పోవద్దు, ఊళ్లో మనుషులు దొరకరు.

గ్రామ దత్తత

ఉన్నత్ భారత్ అభియాన్ 2014లో మొదలైంది. చేరిన సంస్థ కనీసం ఐదు గ్రామాలను ఎంచుకుని, ఇంటింటి సర్వే, గ్రామ సర్వే చేసి, సాంకేతిక పరిష్కారం ప్రతిపాదించాలి. జిల్లా యంత్రాంగంతో అధికారికంగా మాట్లాడే దారి దొరుకుతుంది, సబ్జెక్టు తెలిసిన ప్రొఫెసర్ దొరుకుతారు. బూడిద చెరువు పక్కన నీళ్లలో ఆర్సెనిక్, సీసం చూడాలంటే చేతి కిట్టు పనికిరాదు, పెద్ద పరికరాలు కావాలి. అవి ఉన్న ల్యాబ్ తలుపు తెరిపించేది ఇలాంటి ప్రాజెక్టే.

అయితే ప్రశ్న ఊరిది కాదు, ఫారానిది. ములుగు తండాకైనా, పరకాల పక్క ఊరికైనా అదే ఫారం. ఐదు ఊళ్లు ఒక్క అధ్యాపకుడి నెత్తిన పడితే ఒక్కోదానికి ఏడాదికి నాలుగు రాకపోకలు గొప్ప. ఆయన బదిలీ అయ్యాడంటే ఫైలు బీరువాలోకి వెళ్తుంది. పరిష్కారాలూ ముందే తయారుగా ఉంటాయి: సోలార్ లైటు, ఆర్వో ప్లాంటు. ఆర్వోలో శుద్ధి అయిన నీళ్లకు దాదాపు సమానంగా, ఒక్కోసారి అంతకు మించి, ఉప్పు చిక్కబడిన నీళ్లు బయటికి పోతాయి. వాటిని ఎక్కడికి వదలాలో తేల్చకుండా ప్లాంటు పెడితే పక్క మోరీలోంచి మళ్లీ అదే భూమిలోకి ఇంకుతాయి.

ఏడాది పొడుగునా పరీక్ష

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురికి, వీలైనంత వరకు మహిళలకే, కిట్టుతో నీళ్లు పరీక్షించడం నేర్పాలని ఉంది. నేర్పిన చోట మహిళా సంఘాల్లో ఆ ఐదుగురు ఉంటారు, కిట్టు మాత్రం పంచాయతీ ఆఫీసు అలమారాలో ఉంటుంది. యూనివర్సిటీ చేయాల్సింది ఆ ఐదుగురి వెనక ల్యాబ్‌ను నిలబెట్టడం.

పన్నెండు నుంచి పదిహేను చోట్లు ఎంచుకోవాలి, న్యాయం అన్యాయం తేలేది ఇక్కడే. పంచాయతీ ఆఫీసు నల్లా దగ్గర నీళ్లు పడితే రిపోర్టు ఎప్పుడూ బాగుంటుంది. మిషన్ భగీరథ తాగునీటి పైపులైను చివర ఎస్సీ కాలనీ ఉన్నా, తండా ఉన్నా అక్కడికి చేరేసరికి ప్రెషర్ తగ్గుతుంది, క్లోరిన్ తరిగిపోతుంది. నీళ్లు బందైన గంటల్లో పైపు పగుళ్లలోంచి మోరీ నీళ్లు లోపలికి గుంజుకుంటుంది. కాబట్టి సగం చోట్లు లైను చివరి నుంచే తీసుకోవాలి. ఊరి సగటు లెక్క అడగొద్దు, వాడవాడకూ విడిగా అడగాలి.

క్లోరిన్ వారానికోసారి. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. క్లోరోస్కోప్‌లో (క్లోరిన్ కొలిచే చిన్న పరికరం) ఓటీఓ అనే మందు చుక్కలు వేసిన వెంటనే పసుపు రంగు చూడాలి. ఐదు నిమిషాలు ముచ్చట పెట్టి చూస్తే వేరే పదార్థాలతో కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగు ఇస్తుంది, లేనిది ఉన్నట్టు కనబడుతుంది. క్రిముల కోసం హెచ్‌టూఎస్ సీసా: గీత దాకా నింపి వెచ్చని చోట పెడితే, క్రిములున్న నీళ్లు 24 నుంచి 48 గంటల్లో నల్లబడొచ్చు. చలికాలంలో 48 గంటలూ ఆగాల్సిందే. నల్లబడిన సీసాలో బ్లీచింగ్ పోసి, ఆగి, ఆ తర్వాతే పారబోయాలి.

ఫ్లోరైడ్, నైట్రేట్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) ఏడాదికి రెండుసార్లు, మే చివర ఒకసారి, నవంబర్‌లో ఒకసారి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సరే. నైట్రేట్ 45 దాటితే మినహాయింపు లేదు. ఈ రెండూ మరిగిస్తే పోవు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. ఈ మాట ప్రతి వాడలో చెప్పాలి.

పొరపాట్లు ఎక్కువగా సీసా దగ్గరే జరుగుతాయి. బోరింగు ఐదు నిమిషాలు కొట్టి వదిలేశాక, అవే నీళ్లతో సీసా మూడుసార్లు కడిగి నింపాలి. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసానే వాడాలి, గాజుతో ఫ్లోరైడ్ చర్య జరుపుతుంది. నైట్రేట్ సీసా ఐస్ బాక్సులో పెట్టి 48 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. లోహాలకు వేరే సీసా, అందులో నైట్రిక్ యాసిడ్ వేసి ఇవ్వాలి. ఆ పని విద్యార్థిదే, ఊళ్లో ఎవరి చేతికీ యాసిడ్ ఇవ్వొద్దు. క్రిముల కోసం ల్యాబ్‌కు పంపే సీసాను కడగకూడదు, మెడ దాకా నింపకూడదు.

కిట్టులో ఫ్లోరైడ్ రంగును కార్డుతో పోల్చి చూస్తారు. 1.5 అని చదివింది 1.2 కావచ్చు, 1.8 కావచ్చు. అందుకని 1 దాటిన ప్రతి సీసా ల్యాబ్‌కు వెళ్లాలి, మిగతావాటిలో పదింటికొకటి వెళ్లాలి. ల్యాబ్ కూడా నెలకోసారి ఫ్లోరైడ్ 1.5 అని తనకు తెలిసిన ద్రావణాన్ని, అంకె చెప్పకుండా గుర్తు మాత్రమే రాసి ఊరికి పంపాలి. అక్కడ చదివింది తేడా వస్తే మనిషిని తప్పుపట్టేముందు కిట్టులోని మందు గడువు చూడండి. మే ఎండలో రేకుల గదిలో పెట్టిన కిట్టు తొందరగా పాడవుతుంది.

ఈ పద్ధతికి ఉన్న పెద్ద గండం సెలవులు. నీళ్లు అన్నిటికన్నా అధ్వానంగా ఉండే మేలో క్యాంపస్ ఖాళీ. ల్యాబ్ అసిస్టెంటు ఒకరు ఆ నెల సీసాలు తీసుకుంటారని ముందే కాగితం మీద లేకపోతే ఏడాది లెక్కలో సగం పోయినట్టే.

రిపోర్టు ఎంతవరకు పనికొస్తుంది?

ఇక్కడ చాలా ఊళ్లు దెబ్బతింటాయి. ఫ్యాక్టరీ వదిలే మురుగు మీద 1974 నీటి చట్టం కింద కేసు నడవాలంటే, సెక్షన్ 21 చెప్పినట్టు కాలుష్య నియంత్రణ మండలి అధికారే నోటీసిచ్చి, నమూనాను పద్ధతి ప్రకారం విభజించి, సీలు వేసి తీయాలి. విద్యార్థి పట్టిన సీసా ఆ కేసులో సాక్ష్యం కాదు. మండలిని కదిలించడానికి, కలెక్టరుకు అర్జీ పెట్టడానికి, పర్యావరణ కేసులు చూసే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్‌ను తనిఖీ కమిటీ వేయమని అడగడానికి మాత్రం గట్టి ఆధారం. ట్రిబ్యునల్ చెన్నై బెంచీకి వెళ్లాలనుకుంటే 2010 గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద గడువు ఆరు నెలలు, సరైన కారణం చూపితే ఇంకో అరవై రోజులు. పరిహారానికి సెక్షన్ 15 కింద ఐదేళ్లు. రెండేళ్ల పీహెచ్‌డీ పూర్తయ్యాక చూద్దామంటే మొదటి గడువు దాటిపోతుంది.

ఇంకొకటి, ఏం కొలవాలన్నది. చెత్తగుట్ట పక్క ఊరు ఫ్లోరైడ్ ఎక్కువుందని అర్జీ పెడితే నిలవదు. మన దగ్గర అది గ్రానైటు రాతిలోంచే వస్తుందని అవతలివాళ్లు ఒక్క మాటలో తేల్చేస్తారు. క్లోరైడ్, అమ్మోనియా, సీఓడీ (నీళ్లలో సేంద్రియ మురుగు ఎంతుందో తెలిపే కొలత), టీడీఎస్ చూడాలి. అదీ గుట్టకు ఎగువ బావిలో, దిగువ బావిలో ఒకే రోజు తీసి. ఎగువ బావి లెక్క లేని రిపోర్టుకు విలువ లేదు.

ఒప్పందంలో ఏం రాయించుకోవాలి?

ఫలితం 15 రోజుల్లో తెలుగులో ఊరికి రావాలి, పేపర్ అచ్చయ్యాక కాదు. ఉమ్మడి బోరింగు, నల్లా లెక్కలు పంచాయతీ గోడ మీద రాయాలి. సొంత బోరు లెక్క ముందు యజమాని చేతికివ్వాలి, భూమి ధర భయంతో వచ్చేసారి సీసా పట్టనివ్వకపోవచ్చు. పై నుంచి ఒత్తిడి వచ్చినా లెక్కలు ఆపబోమని విభాగాధిపతి సంతకం ఉండాలి. ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థకు ఇది ఇబ్బందే, అందుకే సీసా పట్టకముందే అడగాలి. పరీక్ష చేసే మహిళలకు రోజు కూలీ ఎవరిస్తారో అంకెతో సహా ఉండాలి. విద్యార్థికి క్రెడిట్లు, ప్రొఫెసర్‌కు ప్రాజెక్టు, వాళ్లకు చప్పట్లు అంటే మూడో నెలకు కిట్టు మళ్లీ అలమారాకు చేరుతుంది. సంతకాలు సర్పంచివి మాత్రమే కాదు, ఊరి మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యవి కూడా తీసుకోవాలి. సర్పంచి మారినా సమాఖ్య ఉంటుంది.